సెర్బియాలో సెలవుల లెక్క పట్టుకోవడం ఎలా

సెర్బియాకు వచ్చిన మొదటి చలికాలంలో, జనవరి 7 పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్ళాను. వీధి చివర కొట్టు మూసి ఉంది. పక్కనున్న బేకరీ కూడా మూసే ఉంది. బస్టాప్ దాటి పెద్ద సూపర్‌మార్కెట్ దాకా నడిస్తే దానికీ షట్టర్ దించేశారు. మనకు తెలిసిన క్రిస్మస్ అయిపోయి రెండు వారాలైంది. డిసెంబర్ 25న మా ఆఫీసు మామూలుగానే నడిచింది. ఇప్పుడేమైందో అర్థం కాక వెనక్కి వస్తుంటే, మెట్ల దగ్గర ఎదురైన పక్కింటి పెద్దావిడ నా ఖాళీ సంచి చూసి లోపలికి వెళ్ళి లీటరు పాలు తెచ్చి చేతిలో పెట్టింది. "ఈ రోజు మాకు క్రిస్మస్ కదా బాబూ" అంది.

ఆ తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఇక్కడ మూడు రకాల రోజులు పక్కపక్కనే నడుస్తుంటాయి: సర్కారు రోజులు, చర్చి రోజులు, ఇంటి రోజులు. ఇంటర్నెట్‌లో దొరికే సెలవుల జాబితాలో మొదటి రెండే ఉంటాయి. మూడోది ఎక్కడా అచ్చు వేయరు, అడిగి తెలుసుకోవాలి. ఉద్యోగానికో చదువుకో బెల్‌గ్రేడ్, నోవి సాద్, నీష్ లాంటి ఊళ్ళకు వస్తున్న మనవాళ్ళు మొదటి వారంలోనే ఈ లెక్క చేసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను.

ముందు మారని తేదీలు రాసుకోండి

కాగితం క్యాలెండర్ ఒకటి కొని వంటింట్లో తగిలించండి. ఫోన్‌లో రాసుకున్నా తప్పులేదు కానీ గోడ మీదుంటే ఇంట్లో అందరికీ కనబడుతుంది. ఎర్ర పెన్నుతో ఈ తేదీలు గుర్తు పెట్టండి. జనవరి 1, 2 కొత్త సంవత్సరం. జనవరి 7 క్రిస్మస్. ఫిబ్రవరి 15, 16 రాజ్య దినోత్సవం. మే 1, 2 కార్మిక దినోత్సవం. నవంబర్ 11 మొదటి ప్రపంచ యుద్ధ విరమణ దినం. తేదీ మారని సెలవులు ఇంతే.

క్రిస్మస్ జనవరి 7న ఎందుకంటే, సెర్బియా ఆర్థడాక్స్ చర్చి ఇప్పటికీ పాత జూలియన్ క్యాలెండర్‌నే పాటిస్తుంది. అది మనం వాడే క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక నడుస్తుంది. అంటే చర్చి లెక్కలో ఆ రోజు డిసెంబర్ 25యే. ఒకే పండగ ఒక పంచాంగంలో ఒక రోజు, ఇంకో పంచాంగంలో మరో రోజు రావడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది తొందరగానే తలకెక్కుతుంది. చర్చి తేదీ ఏది విన్నా దానికి 13 కలపండి, ఇవాళ్టి తేదీ వచ్చేస్తుంది.

ఫిబ్రవరి 15ను ఇక్కడివాళ్ళు 'స్రెతెన్యె' అంటారు. అది చర్చి పండగ పేరు. 1804లో ఆ పండగ రోజునే ఓరషాత్స్ అనే ఊళ్ళో జనం కూడి, కరజోర్జె నాయకత్వంలో ఒట్టోమన్ పాలన మీద తిరుగుబాటుకు దిగారు. 1835లో మళ్ళీ అదే పండగ రోజున క్రాగుయెవాత్స్‌లో సెర్బియా మొదటి రాజ్యాంగాన్ని ప్రకటించారు. సెర్బియా నేల మీద కాలు పెట్టిన బానిస ఆ క్షణం నుంచే స్వేచ్ఛాజీవి అని అందులో రాశారు. చుట్టూ ఉన్న పెద్ద సామ్రాజ్యాలకు అది మింగుడుపడలేదు. వాళ్ళ ఒత్తిడితో కొన్ని వారాలకే రద్దు చేయాల్సి వచ్చింది. అయినా ఆ రోజును వీళ్ళు వదులుకోలేదు. మీతో పనిచేసేవాళ్ళలో చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్ళుంటే ఆ బానిసల వాక్యం గురించి అడగండి, చాలా సంతోషంగా చెబుతారు.

నవంబర్ 11న అధికారులు, టీవీలో వార్తలు చదివేవాళ్ళు, బడిపిల్లలు ఛాతీ మీద ఊదారంగు పువ్వు బ్యాడ్జీ పెట్టుకుంటారు. అది రమొండా అనే మొక్క పువ్వు. పూర్తిగా ఎండిపోయినట్టు కనిపించి, నీళ్ళు తగలగానే మళ్ళీ పచ్చబడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అంతమందిని పోగొట్టుకున్న దేశం ఆ పువ్వును ఎంచుకోవడం నాకు ఎప్పుడూ మనసుకు తగులుతుంది. 2012 నుంచి ఇది సెలవు రోజు.

ఇప్పుడు క్యాలెండర్‌ను ఒకసారి దూరంగా పెట్టి చూడండి. మే 2 తర్వాత నవంబర్ 11 దాకా ఎర్ర గుర్తు దాదాపు ఉండదు. ఆరు నెలలకు పైగా ప్రభుత్వ సెలవు లేదు. మన వినాయక చవితి, బతుకమ్మ, దసరా అన్నీ ఆ ఖాళీలోనే పడతాయి. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను.

తర్వాత ఈస్టర్ వేయండి

ఏటా మారేది ఈ ఒక్కటే. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ సోమవారం దాకా నాలుగు రోజులు సెలవు. తేదీకి లెక్క ఉంది: వసంత విషువత్తు (వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాత వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. కానీ ఆర్థడాక్స్ చర్చి ఆ విషువత్తునూ పౌర్ణమినీ పాత క్యాలెండర్ లెక్కతో పడుతుంది. అందుకే కొన్నేళ్ళు క్యాథలిక్కుల ఈస్టర్‌తో కలుస్తుంది, కొన్నేళ్ళు నెలకు పైగా ఎడం వస్తుంది. 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20నే వచ్చింది. 2026లో క్యాథలిక్కులకు ఏప్రిల్ 5, ఆర్థడాక్స్‌వాళ్ళకు ఏప్రిల్ 12. 2027లో క్యాథలిక్కులకు మార్చి 28 అయితే ఇక్కడ మే 2.

ఫోన్ క్యాలెండర్‌లో మామూలుగా 'ఈస్టర్' అని కనిపించేది క్యాథలిక్ తేదీ. దాన్ని నమ్మి టికెట్లు కొనకండి. వెతికేటప్పుడు 'ఆర్థడాక్స్ ఈస్టర్' అని వెతకండి, లేదా సెర్బియన్ పేరు 'వస్‌క్ర్స్' అని అడగండి.

ఆదివారం పడితే ఏం చేయాలో చూసుకోండి

ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. కొత్త సంవత్సరం, రాజ్య దినోత్సవం, కార్మిక దినోత్సవం, యుద్ధ విరమణ దినం ఈ నాలుగూ రాజ్య సెలవులు. వీటిలో ఏ తేదీ అయినా ఆదివారం పడితే ఆ తర్వాత వచ్చే మొదటి పనిరోజు సెలవు ఇస్తారు. శనివారం పడితే మాత్రం ఏమీ రాదు, ఆ సెలవు పోయినట్టే. క్రిస్మస్‌కు ఈ నియమం వర్తించదు. జనవరి 7 ఆదివారం వస్తే సోమవారం మామూలుగా పనికి వెళ్ళాల్సిందే.

ఒక ఉదాహరణ చూడండి. 2026లో ఫిబ్రవరి 15 ఆదివారం. 16 సోమవారం ఎలాగూ సెలవే. మరి ఆదివారానికి బదులు ఎప్పుడు? తర్వాతి మొదటి పనిరోజు మంగళవారం 17 కాబట్టి ఆ రోజు సెలవు. 2027 ఇంకా బాగుంటుంది. ఏప్రిల్ 30 గుడ్ ఫ్రైడే, మే 1 శనివారం, మే 2 ఆదివారం నాడే ఈస్టరూ కార్మిక దినోత్సవమూ రెండూ, మే 3 ఈస్టర్ సోమవారం. మే 2 ఆదివారం పడింది కనుక దాని బదులు మే 4 మంగళవారానికి వెళ్తుంది. వరసగా అయిదు రోజులు. ఇలాంటి ఏడు ముందే కనిపెడితే ఇండియా టికెట్ ధర పెరగకముందే కొనుక్కోవచ్చు.

సెలవుల మధ్య మిగిలిన పనిరోజులకు లీవు పెట్టి కలిపేసుకోవడాన్ని ఇక్కడ 'స్పోయితి' అంటారు. అతికించడం అని అర్థం. జనవరి 2కీ 7కీ మధ్య ఉన్న రోజులను దాదాపు అందరూ అతికిస్తారు. కాబట్టి మీ లీవు అప్లికేషన్ అక్టోబర్‌లోనే ఇవ్వండి. డిసెంబర్‌లో అడిగితే టీమ్‌లో ఎవరో ఒకరు ఆఫీసులో ఉండాలి, ఆ ఒకరు మీరే అవుతారు. సంవత్సరానికి కనీసం 20 పనిరోజుల జీతంతో కూడిన లీవు చట్టప్రకారం మీ హక్కు. మీ లీవు మధ్యలో ప్రభుత్వ సెలవు వస్తే దాన్ని ఈ 20లోంచి తీసేయకూడదు. ఆ లెక్క సరిగ్గా వేశారో లేదో మీరే చూసుకోండి.

మన పండగలకు సెలవు అడగడం

సెర్బియా సెలవుల చట్టంలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. మతాన్ని బట్టి కొన్ని రోజులు పనికి రాకుండా ఉండే హక్కు ఉద్యోగులకు రాసిపెట్టారు. ఆర్థడాక్స్‌వాళ్ళకు తమ ఇంటి స్లావా (కుటుంబ సెయింట్ పండగ, కింద వివరంగా చెబుతాను) మొదటి రోజు, క్యాథలిక్కులకూ ఇతర క్రైస్తవులకూ వాళ్ళ క్యాలెండర్ ప్రకారం క్రిస్మస్, ఈస్టర్ రోజులు, ముస్లింలకు రంజాన్, బక్రీద్ పండగల మొదటి రోజు, యూదులకు యోమ్ కిప్పూర్. బక్రీద్‌ను ఇక్కడ 'కుర్బాన్ బైరామ్' అంటారు, రంజాన్ పండగను 'రమజాన్‌స్కి బైరామ్' అంటారు.

అంటే మీరు తెలుగు ముస్లిం అయినా, క్రైస్తవులైనా మీకు చట్టంలోనే చోటుంది. డిసెంబర్ 25 పనిరోజే అయినా ఆ రోజు ఇంట్లో ఉండే హక్కు మీది. రెండు వారాల ముందు హెచ్‌ఆర్‌కు ఒక చిన్న మెయిల్ పెట్టండి, చాలు. సిగ్గుపడాల్సిన పని లేదు, ఇక్కడివాళ్ళు స్లావా కోసం ఇదే చేస్తారు.

హిందూ పండగల పేర్లు ఆ చట్టంలో లేవు. కాబట్టి ఉగాదికీ వినాయక చవితికీ దసరాకూ మీ సొంత లీవులోంచే తీసుకోవాలి. నా సలహా ఏమిటంటే, ఏటా జనవరిలోనే పంచాంగం చూసి మూడు రోజులు దాచిపెట్టుకోండి. మే నుంచి నవంబర్ దాకా ప్రభుత్వ సెలవు లేదని పైన చెప్పానుగా, అప్పుడు మనకు లీవు బాగా అవసరమవుతుంది. అడిగేటప్పుడు "పర్సనల్ వర్క్" అని రాయకండి. "మా ఇంటి పండగ" అని రాయండి. స్లావా ఉన్న దేశంలో ఆ మాట విలువ వేరు.

సెలవు రోజు పని చేయిస్తే జీతం చూసుకోండి

హోటళ్ళలో, డెలివరీలో, నిర్మాణ పనుల్లో, గోదాముల్లో చేరిన మనవాళ్ళు ఇది తప్పక చదవాలి. ప్రభుత్వ సెలవు రోజున పని చేస్తే మామూలు కూలికి అదనంగా కనీసం 110 శాతం ఇవ్వాలని కార్మిక చట్టం చెబుతోంది. గంటకు 500 దినార్లు మీ మూల వేతనం అనుకుంటే, ఆ రోజు గంటకు 500, దాని మీద 550, మొత్తం 1,050 దినార్లు రావాలి. పని చేయకపోయినా ఆ రోజు జీతం కోయకూడదు.

ప్రతి నెలా జీతం లెక్క కాగితం ఇవ్వడం యజమాని బాధ్యత. దాన్ని 'ఒబ్రాచున్ జరాదె' అంటారు. జనవరి, ఫిబ్రవరి, మే నెలల కాగితాలు ప్రత్యేకంగా దాచుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో మీ ఫోన్‌లో మీరూ రాసుకోండి. నాకు తెలిసిన ఒక కుర్రాడికి జనవరి 1, 2 రెండు రోజులూ మామూలు కూలే కట్టారు. అతను రాసుకున్న గంటలు చూపించాకే తేడా డబ్బు వచ్చింది. ఇవ్వకపోతే కార్మిక తనిఖీ విభాగం ఉంది, 'ఇన్‌స్పెక్త్సియా రాద' అని అడగండి.

తలుపులు మూసే రోజులకు ముందు

అన్ని సెలవులూ ఒకలా ఉండవు. ఫిబ్రవరి 15, 16, నవంబర్ 11 రోజుల్లో బ్యాంకులు, పోస్టాఫీసులు, ప్రభుత్వ కార్యాలయాలు ఉండవు గానీ కొట్లు చాలావరకు తక్కువ గంటలైనా తెరుస్తారు. జనవరి 1, జనవరి 7, ఈస్టర్ ఆదివారం మాత్రం ఊరంతా సద్దుమణుగుతుంది. ఈ మూడింటికీ రెండు రోజుల ముందే పాలు, బ్రెడ్డు, కూరగాయలు, రోజూ వేసుకునే మందులు తెచ్చిపెట్టుకోండి. ముందు రోజు సాయంత్రం వెళ్తే క్యూ వీధి దాకా ఉంటుంది. కూరగాయలకు 'పియాత్సా' అనే బజారు మేలు, పొద్దున్నే వెళ్ళాలి.

మందుల షాపు అత్యవసరమైతే 'దెజుర్నా అపొతెకా' అని వెతకండి, సెలవుల్లోనూ తెరిచి ఉండే డ్యూటీ షాపు అది. అంబులెన్స్‌కు 194, పోలీసుకు 192, అగ్నిమాపకానికి 193. బెల్‌గ్రేడ్‌లో సిటీ బస్సులు 2025 జనవరి 1 నుంచి అందరికీ ఉచితం. సెలవు రోజుల్లో మాత్రం బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి స్టాపు దగ్గర ఎక్కువసేపు ఆగడానికి సిద్ధపడండి.

కాగితాల పని ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. దేశంలో దిగిన 24 గంటల్లో మీరుండే చిరునామా పోలీసుల దగ్గర నమోదు కావాలి. 'బెలి కార్తోన్' అంటారు, తెల్ల కార్డు అని అర్థం. డిసెంబర్ 31నో గుడ్ ఫ్రైడే ముందో విమానం దిగుతుంటే, ఇంటి యజమానితో ముందే మాట్లాడి ఆన్‌లైన్‌లో ఆయన చేస్తాడో లేదో ఖాయం చేసుకోండి. నివాసం, పని రెండింటికీ కలిపి ఇచ్చే ఒకే పర్మిట్ 2024 ఫిబ్రవరి నుంచి వచ్చింది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. అయినా పత్రాల అనువాదం, నోటరీ పని మనుషులే చేయాలి, జనవరి మొదటి పది రోజుల్లో వాళ్ళు దొరకరు. గడువు జనవరిలో ఉంటే డిసెంబర్ 15 లోపు పని ముగించండి. బెల్‌గ్రేడ్‌లోని మన రాయబార కార్యాలయానికి సొంత సెలవుల జాబితా ఉంటుంది. అదీ చూసి మరీ బయల్దేరండి.

ఇక ఇంటి రోజు: స్లావా

ఈ వ్యాసం రాయాలనిపించిందే దీని కోసం. ప్రతి సెర్బియన్ ఆర్థడాక్స్ కుటుంబానికి ఒక సెయింట్ ఉంటాడు. తండ్రి నుంచి కొడుకులకు ఆ సెయింట్ వారసత్వంగా వస్తాడు. ఆయన పండగ రోజే ఆ ఇంటి స్లావా. మనకు ఇలవేల్పు అంటే ఏమిటో తెలుసు కాబట్టి ఇంతకంటే వివరించక్కర్లేదు. 2014లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

మొదట చేయాల్సింది, మీ పక్క సీటు మనిషిని, ఇంటి యజమానిని, పై అంతస్తు వాళ్ళను "మీ స్లావా ఎప్పుడు?" అని అడిగి క్యాలెండర్‌లో పచ్చ పెన్నుతో రాసుకోవడం. అన్నిటికంటే ఎక్కువ ఇళ్ళలో జరిగేది డిసెంబర్ 19న వచ్చే సెయింట్ నికోలస్ రోజు, 'నికోల్యదాన్'. ఆ రోజు ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి, ముఖ్యమైన మీటింగు పెట్టకండి. నవంబర్ 21 'అరంజెలొవ్‌దాన్', మే 6 'జుర్జెవ్‌దాన్', జనవరి 20 'యొవాన్యదాన్', నవంబర్ 8 'మిత్రొవ్‌దాన్' కూడా చాలా ఇళ్ళలో ఉంటాయి. అక్టోబర్ చివర నుంచి జనవరి చివర దాకా వారానికొకటి వస్తూనే ఉంటుంది.

పిలుపు సంగతి. "స్లావాకు పిలవరు, వస్తారు" అనేది ఇక్కడి పాత మాట. కొత్తవారికి మొదటిసారి "మా ఇంటికి రండి" అని చెబుతారు. ఒకసారి వెళ్ళారంటే ఆ తర్వాత ప్రతి ఏడూ మీ కోసం చూస్తారు. వెళ్ళలేకపోతే పొద్దున్నే ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పండి. ఏమీ చెప్పకుండా ఉండిపోతే నొచ్చుకుంటారు.

ఏం తీసుకెళ్ళాలి? ఒక సీసా రెడ్ వైన్, లేదా మంచి కాఫీ పొడి, చాక్లెట్ పెట్టె, ఇంటావిడకు పూలు. పూలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య చనిపోయినవాళ్ళకు. నేను ఒకసారి మన సున్నుండలు చేసి తీసుకెళ్ళాను. నెయ్యి ఉందని ముందే చెప్పడం మంచిదైంది, ఆ ఇంట్లో ఆ రోజు ఉపవాస భోజనం కాబట్టి మర్నాటికి దాచుకున్నారు.

గుమ్మంలో చెప్పాల్సింది "స్రెచ్‌నా స్లావా, దొమాచినె" అని. శుభ స్లావా ఇంటి పెద్దాయనా, అన్నట్టు. బుగ్గల మీద మూడు ముద్దులు ఇక్కడి పద్ధతి. అలవాటు లేకపోతే చెయ్యి కలిపినా సరే. లోపలికి వెళ్ళగానే మీ ముందుకు ఒక పళ్ళెం వస్తుంది. అందులో 'జితో' ఉంటుంది: ఉడకబెట్టిన గోధుమలు, చక్కెర, అక్రోటు పప్పు కలిపి చేసింది. ఇదే ముందు తినాలి. శుభ్రమైన చెంచాతో కొద్దిగా తీసుకుని తిని, వాడిన చెంచాను అందుకోసమే పెట్టిన గ్లాసులో వేయండి. వాళ్ళు తినేముందు శిలువ గుర్తు వేసుకుంటారు. మీరు వేసుకోవాలని ఎవరూ ఆశించరు. నేను ప్రసాదం తీసుకున్నట్టే కళ్ళకద్దుకుని తింటాను. మొదటిసారి అది చూసి ఆ ఇంటి బామ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బల్ల మీద పెద్ద కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది, దాని పక్కన అలంకరించిన గుండ్రటి రొట్టె. రెండింటినీ తాకకండి. ఇంటి పెద్ద ఆ రోజు కూర్చోడు. అతిథులకు వడ్డిస్తూ నిలబడే ఉంటాడు. "మీరు కూర్చోండి" అని బలవంతం చేయకండి, నిలబడటమే ఆయన మర్యాద.

శాకాహారులకు ఒక శుభవార్త. స్లావా ఉపవాస కాలంలో పడితే భోజనం 'పోస్నో', అంటే మాంసం, పాలు, గుడ్లు ఏవీ లేనిది. క్రిస్మస్ ఉపవాసం నవంబర్ 28 నుంచి జనవరి 6 దాకా కాబట్టి నికోల్యదాన్ ప్రతి ఏడూ పోస్నోయే. మిగతా స్లావాలు బుధ, శుక్రవారాల్లో పడినా అంతే. అయితే పోస్నోలో చేపలు ఉండొచ్చు, నికోల్యదాన్‌కు చేపే ప్రధానం. "నె యెదెమ్ మెసొ, నె యెదెమ్ రిబు" అనండి: మాంసం తినను, చేప తినను. ఓవెన్‌లో వండిన బీన్స్ 'ప్రెబ్రనాత్స్' మీ పళ్ళెంలోకి వస్తుంది. చాలా బాగుంటుంది, కాస్త కారం జల్లుకుంటే ఇంకా. మామూలు రోజుల్లో బేకరీకి వెళ్ళినా 'పోస్నో' అన్న మాట గుర్తుంచుకోండి, పాలు గుడ్లు లేనివి చూపిస్తారు.

మందు తాగకపోతే "నె పియెమ్" అని చెప్పి జ్యూస్ గ్లాసు ఎత్తండి. "జివెలి" అంటూ గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి. ఇక వడ్డన ఆపడం కష్టం. ఆ విషయంలో గోదావరి జిల్లాల పెళ్ళి భోజనం తిన్నవాళ్ళకు శిక్షణ ముందే అయిపోయింది.

క్రిస్మస్ ముందు రోజు, ఈస్టర్ రోజు

జనవరి 6 సెలవు కాదు కానీ మధ్యాహ్నానికే ఊరు పలచబడుతుంది. ఆ పొద్దున్నుంచే వీధుల్లో ఎండాకులతో ఉన్న ఓక్ కొమ్మలు అమ్ముతారు. వాటిని 'బద్‌న్యాక్' అంటారు. సాయంత్రం చర్చి ముంగిట పెద్ద మంట వేసి అందులో వేస్తారు. బెల్‌గ్రేడ్‌లో ఉంటే సెయింట్ సావా ఆలయం దగ్గరికి వెళ్ళండి. ఎవరైనా వెళ్ళవచ్చు. మంచులో, మంట చుట్టూ, పిల్లల్ని భుజాలకెత్తుకున్న జనం మధ్య నిలబడితే మన భోగి తెల్లవారుజాము గుర్తుకు రాకుండా ఉండదు.

జనవరి 7 పొద్దున చెప్పకుండా ఎవరి తలుపూ తట్టకండి. ఆ రోజు ఇంట్లోకి మొదట అడుగుపెట్టే మనిషిని 'పొలజాయ్‌నిక్' అంటారు. ఆ ఏడాది ఇంటి అదృష్టం ఆ అడుగు మీద ఉందని నమ్ముతారు కాబట్టి ఎవరు రావాలో ముందే అనుకుని ఉంచుతారు. దారిలో ఎదురైనవాళ్ళు "హ్రిస్తోస్ సె రోది" అంటే "వయీస్తిను సె రోది" అని బదులు చెప్పండి: క్రీస్తు పుట్టాడు, నిజంగా పుట్టాడు. ఈస్టర్‌కు "హ్రిస్తోస్ వస్‌క్ర్సె", బదులు "వయీస్తిను వస్‌క్ర్సె". ఈస్టర్ రోజు ఎవరింటికి వెళ్ళినా రంగు వేసిన గుడ్డు ఇస్తారు, మీ గుడ్డుతో వాళ్ళ గుడ్డును కొట్టి చూస్తారు. పగలని గుడ్డు గెలిచినట్టు. మొదట రంగు వేసిన ఎర్ర గుడ్డును తినరు, ఇంటికి కాపలాగా ఏడాదంతా దాచుకుంటారు.

సెలవు లేని పెద్ద రోజులు

వీటిని నీలం పెన్నుతో రాయండి. జనవరి 27 సెయింట్ సావా రోజు, బడుల స్లావా. ఆ రోజు బడిలో పాఠాలు ఉండవు, కార్యక్రమం ఉంటుంది, పిల్లలు ఉంటే తీసుకెళ్ళండి. జూన్ 28 'విదొవ్‌దాన్', 1389 కొసొవో యుద్ధం జ్ఞాపకం. అక్టోబర్ 21న రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళను తలచుకుంటారు. 1941లో ఆ రోజు క్రాగుయెవాత్స్‌లో జర్మన్ సైన్యం బడిపిల్లలతో సహా వేల మందిని కాల్చి చంపింది. ఈ రెండు రోజుల్లో "హ్యాపీ" అని మెసేజ్‌లు పంపకండి. ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజు గురువారం 'స్పాసొవ్‌దాన్', బెల్‌గ్రేడ్ నగరానికే స్లావా. ఊరేగింపు కోసం నగరం నడిబొడ్డున రోడ్లు మూస్తారు, ఆ సాయంత్రం విమానం ఉంటే ముందే బయల్దేరండి.

ఉత్తరాన సుబోతిత్సా వైపు ఉంటే క్యాథలిక్కుల క్రిస్మస్‌నూ, దక్షిణాన నోవి పజార్‌లో ఉంటే రెండు బైరామ్‌లనూ కూడా ఎర్ర పెన్నుతోనే రాసుకోండి. అక్కడి వీధులు ఆ తేదీల ప్రకారమే నడుస్తాయి.

చివరగా జనవరి 13 గడి చూడండి. ఆ రాత్రి పాత క్యాలెండర్ ప్రకారం సెర్బియన్ కొత్త సంవత్సరం. సెలవు లేదు, కానీ అర్ధరాత్రి బాణసంచా కాలుస్తారు. మనకు ఆ చుట్టుపక్కలే భోగి, తెల్లారితే సంక్రాంతి. మా ఫ్లాట్‌లో ఆ సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు పోస్తాం. రేగుపళ్ళు దొరకవు కాబట్టి ఎండు ద్రాక్ష, చిల్లర దినార్లు, పూలరేకులు కలుపుతాం. మొదటి చలికాలం నాకు పాలు ఇచ్చిన పక్కింటి పెద్దావిడ ఇప్పుడు పిలవకుండానే వచ్చి, ఒక దోసెడు తానూ పోసి వెళ్తుంది.